బ్రోకరక్క వేషం

మా కళాబృందంలో నాది బ్రోకరు వేషం. పట్నంలో పని ఇప్పిస్తానని ఊళ్లలో ఆడపిల్లల్ని తీసుకుపోయి అమ్మేసే మనిషి వేషం. అది నేను కోరి తీసుకున్నది కాదు. నారాయణఖేడ్‌లో జాకెట్లు కుట్టుకునేదాన్ని, బతుకమ్మ రోజుల్లో అందరికంటే గట్టిగా పాట ఎత్తుకుంటుందన్న పేరు తప్ప నాకు ఇంకో పేరు లేదు. మా బృందానికి పెద్ద ఒక డప్పు కళాకారుడు. ఒకరోజు దుకాణానికి వచ్చి, "అక్కా, సర్కారు ప్రోగ్రాం ఉన్నది, పిల్లల్ని అమ్ముకునేటోళ్ల మీద నాటకం. తల్లి వేషం నీకే" అన్నాడు. తీరా నేను వెళ్లేసరికి తల్లి వేషం ఇంకొకామె తీసుకుంది. ఆమె అడిగిన వెంటనే కన్నీళ్లు పెట్టగలదట.

"నీకు గొంతున్నది, నువ్వు బ్రోకరక్క చెయ్యి" అన్నాడు.

మెరుపుల చీర, నల్లద్దాలు, నోట్లో పాన్, భుజాన ఎర్ర సంచి. "అసలువాళ్లు గిట్లుంటరా?" అని అడిగాను. "జనాలు జూడంగనే తెల్వాలె గదక్కా. లేకుంటె ఎట్ల సమజైతది?" అన్నాడు. ఆయన మాట నిజమే అయింది, జనానికి నేను చూడగానే తెలిసిపోయాను. మా గల్లీలో పాలు పోసే ఆయన "బ్రోకరక్కా, గిన్నె తే" అని పిలవడం మొదలుపెట్టాడు. మా ఆయన మొదట్లో నవ్వాడు. టీ హోటల్లో ఎవరో తనను "బ్రోకరు బావా" అన్న రోజున ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు.

ఇంత చేస్తే, అసలు మేమేం చెబుతున్నామో జనానికి తెలియకుండా మా వెనక కట్టిన ఫ్లెక్సీయే అడ్డం పడేది. 'మానవ అక్రమ రవాణా నిరోధక అవగాహన సదస్సు' అని ఈ చివర నుంచి ఆ చివర దాకా రాసి ఉండేది. కల్హేర్ దగ్గర ఒక ఊళ్లో ఒక ముసలాయన దాన్ని కూడబలుక్కుని చదివి, లేచి నిలబడ్డాడు. "ఇసుక లారీల ముచ్చటనా సారూ? అయితే మా వాగుకు రా, నేను జూపెడ్త" అన్నాడు. మాతో వచ్చే ఆఫీసరుకు ముఖం మాడిపోయింది. మనూర్ దిక్కు ఇంకో ఊళ్లో, బండి లైసెన్సులు ఇస్తారనుకుని మగవాళ్లు వరసగా వచ్చి కూర్చున్నారు. 'పిల్లల్ని అమ్ముకునేటోళ్లు వస్తుండ్రు, పైలం' అని రాయించమని నేను రెండుసార్లు చెప్పాను. "అది పైనుంచి వచ్చిన మ్యాటర్ అమ్మా, మనం మార్చొద్దు" అన్నాడు ఆఫీసరు. పైనున్నవాళ్లకు కిందివాళ్ల భాష ఎందుకు రాదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాగల్‌గిద్ద మండలంలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో జరిగింది ఈ ముచ్చట. కంది కోతలు అయిపోయిన రోజులు. పంచాయతీ ఆఫీసు ముందర పొద్దు వాలుతుండగా ఆట మొదలుపెట్టాం. సగం మంది తెలుగు, సగం మంది కన్నడం మాట్లాడతారు, అందరికీ రెండూ వస్తాయి. నేను పాన్ ఉమ్మి, నడుం తిప్పుకుంటూ వచ్చి "మీ బిడ్డను నాకియ్యుండ్రి, బంగారం లెక్క చూస్కుంట" అనగానే ఆడవాళ్లు ఒకటే నవ్వులు. తల్లి వేషమామె ఏడ్చినప్పుడు నవ్వులు ఆగాయి. తర్వాత ఆఫీసరు మాట్లాడాడు, సర్పంచు మాట్లాడాడు, ఫోటోలు దిగారు. నేను బోరింగు దగ్గర నోరు కడుక్కుంటుంటే ఒకామె వచ్చి నిలబడింది. వెనక పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల.

"అక్కా, జర ఒక మాట."

"చెప్పమ్మా."

"మా పొల్లకు యాడన్న పని జూస్తవా?"

ఎగతాళి చేస్తోందనుకున్నాను. ముఖం చూస్తే అట్లా లేదు.

"నాటకం జూసినవా లేదా నువ్వు?"

"జూసిన. ముందల్నే కూసున్న."

"అండ్ల నేనేం జేసిన?"

"పిల్లను అమ్మినవ్."

"మరి?"

"అది ఆట గదక్కా. నువ్వు గసుంటిదానివి గాదని నాకెరుకే. కానీ పట్నంల నీకు నలుగురు ఎరుకున్నట్టు మాట్లాడినవ్. అందుకే అడుగుతున్న."

నా జన్మలో నా నటనను అంతగా మెచ్చుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు. తల పట్టుకుని బోరింగు గట్టు మీద కూర్చున్నాను. నాకెవరూ తెలియదని, నేను నారాయణఖేడ్ దాటి పోయేదే తక్కువని చెప్పాను. ఆమె నమ్మలేదు. "పోనీలే, నువ్వు జూడకుంటె మా వదినోళ్ల ఊరామె ఉన్నది. సోమవారం వస్తనన్నది" అంది.

"ఏ ఊరికి తోల్కపోతది?"

"పుణె దిక్కట. బీదర్ దాక బస్సు, ఆడికెళ్లి రైలు. ఎవలదో పెద్ద ఇల్లట, చంటిపిల్లను ఎత్తుకునే పని. మూడు పూటల తిండి, బట్టలు."

"ఆమె ఎట్లాంటిదో నీకు ఎరుకనా?"

"హౌదు, ఎరుకే" అని తల ఊపింది. "మంచిదక్కా. నీలెక్క నల్లద్దాలు గిట్ల పెట్టుకోదు. మెల్లగ మాట్లాడ్తది. మా ఇంట్ల రొట్టె తిని, అంట్లు గూడ తోమి పోయింది."

నాకు కోపం ఆగలేదు. కోపం ఆమె మీద కాదు, భుజాన వేలాడుతున్న ఆ ఎర్ర సంచి మీద. మేం ఊరూరా తిరిగి నేర్పిందేమిటి? నల్లద్దాల మనిషి వస్తే జాగ్రత్త అని. అంట్లు తోమే మనిషి వస్తే ఏం చెయ్యాలో ఎవరు నేర్పాలి?

పిల్లను ఎందుకు బడి మాన్పించావని అడిగాను. ఏడో తరగతి అయిపోయింది, పై బడి దూరం, అటు పోయే బస్సు బంద్ అయింది, తండ్రి చెరుకు కొట్టడానికి పోయాడు. "ఆటోల ఒక్క పొల్లను ఎట్ల పంపాలె? మొగోళ్లు అందరు ఎక్కుతరు. బుగులు" అంది.

"ఆటోల మండలం దాక పంపనీకి బుగులు, పుణె పంపనీకి బుగులు లేదా?"

"గక్కడ ఇంట్లనే ఉంటది గదక్కా. ఆటోల అయితె అందరు జూస్తరు."

ఈ మాట మా నాటకంలో ఎక్కడా లేదు. ఆ పిల్ల అంతసేపూ నన్నే చూస్తూ, తల్లి మాట ముగిశాక మెల్లగా అంది. "నడిమిట్ల నువ్వు ఒక మాట మరిచినవ్ గదా? మల్ల తిప్పి చెప్పినవ్." నిజమే, మరిచాను. మా బృందంలో కూడా ఎవరూ కనిపెట్టలేదు.

ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాను. జీపు ఎక్కుతున్నాడు. "సారూ, గీ ఊర్లనే ఒక పిల్లను సోమవారం తోల్కపోతుండ్రట" అన్నాను. ఆయన నిజంగా బాధపడ్డాడు, అబద్ధమెందుకు చెప్పాలి. బాధపడుతూనే, "మనది అవగాహన వరకే అమ్మా. అడ్డుకునుడు వేరేవాళ్ల డ్యూటీ. రేపు ఆఫీసుకు వచ్చి రాసియ్యి, పంపిస్త" అన్నాడు. ఇంకో ఊళ్లో సదస్సు ఉంది. జీపు పోయింది, ఫ్లెక్సీ మాత్రం నా చేతిలో మిగిలింది, మడతపెట్టమని.

ఆ ఊరి అంగన్‌వాడీ టీచరును పట్టుకున్నాను. ఆమెకు అన్నీ తెలుసు. అందుకే నాకు ఇంకా మండింది.

"ఆమెతోని ఇంతకుముందు ఇద్దరు పొల్లలు పోయిండ్రక్కా" అంది గొంతు తగ్గించి.

"వచ్చిండ్రా?"

"ఒకామె పండుగకు వచ్చి పోయింది. ఇంకొకామె రాలే. ఆడనే పెండ్లి జేసుకున్నదట."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఆమెనే. తోల్కపోయినామెనే చెప్పింది."

"మరి నువ్వు అడ్డం పడొద్దా?"

"పడ్తె రేపు నా సెంటరుకు ఒక్కలు గూడ పిల్లల్ని పంపరు. నేను గీ ఊర్లనే బతకాలె గదా. నువ్వు ఆటాడి పోతవ్."

అందరి మాటా నిజమే. అందరూ మంచివాళ్లే. ఆ నిజాలూ మంచితనాలూ అన్నీ కలిసి సోమవారం పొద్దున ఆ పిల్లను బస్సెక్కిస్తాయి. ఇంటికొచ్చి, నాటకం చివర్లో మేమందరం చేతులు పట్టుకుని పాడే ఆ పిల్లల సాయం నంబరుకు నేనే మొదటిసారి ఫోన్ చేశాను. వందసార్లు పాడినా అటువైపు ఎవరుంటారో ఎప్పుడూ అనుకోలేదు. ఒకామె ఎత్తింది. ఓపికగా అన్నీ అడిగింది, అన్నీ రాసుకుంది. సోమవారం పొద్దున సంగారెడ్డి నుంచి మనిషిని పంపుతామంది. "అంతలో బస్సు ఎక్కితే ఎట్ల?" అన్నాను. "మీరు అక్కడే ఉంటరు కద అక్కా, కొంచెంసేపు మాటల్లో పెట్టండి" అంది. నేను అక్కడే ఉంటానని ఆమెకు ఎవరు చెప్పారో!

సోమవారం నేను బయలుదేరుతుంటే మా ఆయన అడ్డం నిలబడ్డాడు. "నీది వేషమేనే. నిజంగ పోలీసువైనవా ఏంది?" అన్నాడు. కుట్టాల్సిన జాకెట్లు అట్లాగే పెట్టి మా నారాయణఖేడ్ బస్టాండుకు పోయాను, ఆ ఊరివాళ్లు బీదర్ బస్సు ఎక్కేది ఇక్కడే.

బీదర్ బస్సు నిలిచే చోట బల్ల మీద ముగ్గురూ కూర్చుని ఉన్నారు. పిల్ల ఒళ్లో బడి సంచి, అందులో పుస్తకాలకు బదులు బట్టలు. వదినోళ్ల ఊరామె సన్నగా ఉంది, వెలిసిన నూలు చీర, కాళ్లకు రబ్బరు చెప్పులు. జామకాయ ముక్కలు చేసి పిల్లకు పెడుతోంది. నన్ను చూసి, ఎవరని అడక్కుండానే నాకూ ఒక ముక్క ఇచ్చింది. వద్దనలేక తీసుకున్నాను. తల్లి మాత్రం నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"యాడికి పోతుండ్రక్కా?" అని మొదలుపెట్టాను.

"పుణె. గీ బిడ్డకు పని కుదిర్చిన."

"ఎవలింట్ల?"

"మంచోళ్లింట్ల."

"వాళ్ల పేరేంది?"

"పేర్లు నాకేం ఎరుక? స్టేషన్ కాడికి ఒకామె వస్తది. ఆమెకు అప్పజెప్తె ఆమె తోల్కపోతది."

"ఇల్లు నువ్వు జూసినవా?"

"నేనెందుకు జూస్త?" నా ప్రశ్నే వింతగా ఉన్నట్టు నవ్వింది. "నా పని స్టేషన్ దాకనే."

ఆమె ఏదీ దాచడం లేదు. దాచాల్సిన సంగతి అందులో ఉందని ఆమెకు తెలుసో తెలియదో కూడా నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. మా ఆఫీసరు పని అవగాహన దాకా, ఈమె పని స్టేషన్ దాకా. ఆ పిల్ల జామకాయ తినడం ఆపి వింటోంది. ఉన్నట్టుండి అడిగింది.

"చిన్నమ్మా, మరి నాకు ఇంటికి రావాలె అనిపిస్తె ఎవలకు చెప్పాలె?"

"పోనే పోలే, వచ్చుడు ముచ్చట ఎందుకే ఇప్పుడే?" అందామె, కసురుకోకుండా, నవ్వుతూనే.

తల్లి మొదటిసారి వదినోళ్ల ఊరామె ముఖంలోకి చూసింది.

నా ఫోను మోగింది. సంగారెడ్డి నుంచి వస్తున్నామె. జోగిపేటలో బస్సు ఆగిపోయిందట, ఇంకో బస్సు కోసం చూస్తోందట. ఇక్కడ బీదర్ బస్సు వచ్చి నిలబడింది. నాకు ఓర్పు పోయింది. లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని, "ఇగ జాలు, గీ పొల్ల యాడికి రాదు" అని గట్టిగా అన్నాను. నా గొంతు సంగతి చెప్పాను కదా. బస్టాండంతా తిరిగి చూసింది.

చూసినవాళ్లలో కల్హేర్ దిక్కు మనిషొకడు ఉన్నాడు. "అరె, గీమెను నేను వీడియోల జూసిన! పిల్లల్ని ఎత్తుకపోయేటామె!" అని అరిచాడు. మా నాటకాన్ని ఎవరో ఫోనులో తీసి, నేను బంగారంలా చూసుకుంటానని చెప్పే ముక్క ఒక్కటీ కత్తిరించి పంపించారట. అది ఊళ్లన్నీ తిరిగింది. నల్లద్దాలు లేకపోయినా నా గొంతు గుర్తుపట్టాడు. క్షణంలో నా చుట్టూ జనం మూగారు.

"అది నాటకం!" అన్నాను.

"గిట్లనే అంటరు" అన్నారెవరో.

"చెయ్యి ఇడువు, పిల్ల చెయ్యి ఇడువు ముందుగాల!" ఒక ముసలమ్మ నా జుట్టు దొరకబుచ్చుకుంది. ఇంతకాలం ఈ జనానికే కదా, పిల్లల్ని తీసుకుపోయేవాళ్లు కనబడితే వదలొద్దని గొంతు చించుకుని చెప్పాను! నేర్చుకున్నారు, బాగా నేర్చుకున్నారు. గుంపులో సందు నుంచి చూస్తే, వదినోళ్ల ఊరామె మిగిలిన జామకాయ కొంగులో కట్టుకుని, పిల్లను రమ్మని చెయ్యి ఊపుతూ బస్సు మెట్టు ఎక్కుతోంది. కండక్టరు "బీదర్, బీదర్" అని అరుస్తున్నాడు. ఆమె వైపు ఒక్కరూ చూడటం లేదు.

పిల్ల అటు చూసింది, ఇటు చూసింది. బస్సు వైపు ఒక అడుగు వేసింది కూడా, నేను కళ్లారా చూశాను. తర్వాత గుంపులోకి దూరి ముసలమ్మ చెయ్యి పట్టుకుని లాగింది.

"ఇడువు అవ్వా, గామె నిజం బ్రోకరు గాదు, ఆటల బ్రోకరు! మా ఊర్ల ఆటాడిండ్రు. నేను జూసిన. నడిమిట్ల మాట గూడ మరిచింది!"

ఎవరో పకపకా నవ్వారు. ముసలమ్మ జుట్టు వదిలింది. బస్సు కదిలింది. వదినోళ్ల ఊరామె కిటికీ పక్కన కూర్చుని కొంగు సర్దుకుంటూ పోయింది, మా వైపు తిరగలేదు. కల్హేర్ మనిషి నా దగ్గరికొచ్చి, తప్పు నాదే అన్నట్టు, "నాటకమని ముందుగాల్నే చెప్పాలె గదక్కా, పరేషాన్ జేసినవ్" అన్నాడు. ఆ మాటకు నాకు జుట్టు పట్టుకున్నప్పటికంటే ఎక్కువ నొప్పి పుట్టింది.

గుంపు పలచబడ్డాక తల్లి బల్ల మీద అట్లాగే కూర్చుని ఉంది. "పోయింది. బస్సు పోయింది. చెరుకు కాడికెళ్లి దీని నాయిన వస్తె నేనేం చెప్పాలె? ఇగ నువ్వే సాదుకో దీన్ని" అంది. నేనేదో అనబోయాను. "మాట్లాడకు" అంది. ముగ్గురం వరసగా కూర్చున్నాం, జోగిపేట నుంచి రావాల్సినామె వచ్చేదాకా.

ఆమె వచ్చింది, దుమ్ము కొట్టుకుపోయి, చేతిలో ఖాళీ నీళ్ల సీసాతో. కోప్పడదామనుకున్నాను కానీ, ఆమె చేతిలో సీసా తీసుకుని నీళ్లు పట్టుకొచ్చాను. పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. తల్లితో చాలాసేపు మాట్లాడింది. వదినోళ్ల ఊరామె ఫోను నంబరు తీసుకుని చేసింది, స్విచ్ఛాఫ్. మరునాడు కూడా స్విచ్ఛాఫే. ఆ సంగతి, పెళ్లయిందని చెప్పిన ఆ రెండో పిల్ల సంగతి పోలీసులకు రాసిచ్చింది. ఆ పిల్ల కోసం ఇంకా వెతుకుతున్నారు. నేను అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతాను, "చూస్తున్నం అక్కా" అంటుంది. ఆ మాట విన్న ప్రతిసారీ ఫోను నేలకేసి కొట్టాలనిపిస్తుంది, కానీ తప్పు ఆమెది కాదు.

ఈ పిల్లను సర్కారు బాలికల హాస్టలు బడిలో వేయించడానికి మేం తిరిగిన తిరుగుడు వేరే కథ. ఒక కాగితంలో పేరు ఒకరకంగా, ఇంకో కాగితంలో ఇంకోరకంగా పడి ఉంది. తండ్రి సంతకం కావాలన్నారు, తండ్రి చెరుకు తోటలో ఉన్నాడు. బడి తెరిచాక రమ్మన్నారు, తెరిచాక పోతే ఇంత ఆలస్యంగా వచ్చారేమన్నారు. ఆ బీదర్ బస్సు దాకా తేవడానికి ఒక్క జామకాయ చాలింది, బడి గేటు దాటించడానికి ఎన్ని చెప్పులు అరిగాయో.

ఆ తర్వాత మా బృందం పెద్దతో గొడవ పెట్టుకున్నాను. నల్లద్దాలు వద్దు, పాన్ వద్దు, ఇంట్లో కట్టుకునే చీరలోనే వస్తాను, మెల్లగా మాట్లాడతాను, వచ్చి అంట్లు తోముతాను అన్నాను. "ఎవలు నవ్వరక్కా, ఆట చప్పగైతది" అన్నాడు. చప్పగానే అయింది. మొదటి ఊళ్లో సగం మంది నడిమధ్యలో లేచిపోయారు. ఆఫీసరు, పాత వేషమే బాగుండేదన్నాడు, ఫోటోల్లో నేను ఎక్కడున్నానో తెలియడం లేదట. కానీ మనూర్ దిక్కు ఒక ఊళ్లో, ఆట అయిపోయాక ఆడవాళ్లు లేవకుండా కూర్చుని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె అంది, "మొన్న మా ఇంటికొచ్చినామె గూడ గిట్లనే ఉండె." ఆ మాట మీద చాలాసేపు మాట్లాడుకున్నాం. ఫోటో తీయడం ఎవరికీ గుర్తు రాలేదు.

పిల్లను చూడటానికి ఆదివారాలు హాస్టలుకు పోతుంటాను. తల్లి కూడా వస్తుంది, జొన్నరొట్టెలు మూట కట్టుకుని. నాతో మాట్లాడదు. నేను తెచ్చిన అరటిపండ్లు మాత్రం తీసుకుని పక్కన పెడుతుంది. పోయిన వారం పిల్ల నన్ను చూడగానే పట్టుకుంది.

"నువ్వు చెప్పినంత మంచిగ లేదు గీ హాస్టలు. పప్పు నీళ్లలెక్క ఉంటది. పొద్దున్నే లేపుతరు. లెక్కల టీచరు లేనే లేదు."

"నేనేం జెయ్యాలె మరి?"

"ఎవలకన్న చెప్పు. నీ గొంతు పెద్దగుంటది గదా."

"నేనేమన్న ఆఫీసర్నానే? నాకేం పని లేదా?"

తల్లి రొట్టె విరుస్తూ, నా వైపు చూడకుండా, పిల్లతోనే అన్నట్టు అంది. "అడగమను. లెక్కలు రాకుంటె ఎట్ల?"

లోపలికి పోయాను. వార్డెన్ లేదు, మంగళవారం రమ్మన్నారు.